జర్మన్ నేర్చుకుంటే లాభమేంటి?

ప్రశ్న: జర్మనీలో ఎమ్మెస్ చేద్దామనుకుంటున్నాను. కోర్సు ఇంగ్లిష్‌లోనే ఉంది, మరి జర్మన్ నేర్చుకోవడం టైమ్ వేస్ట్ కాదా?

జవాబు: క్లాసు వరకైతే ఇంగ్లిష్‌తో గట్టెక్కేస్తారు. కానీ అద్దె ఒప్పందం, ఇన్సూరెన్స్ ఉత్తరం, పార్ట్‌టైమ్ ఉద్యోగం వెతుకులాట, ఇవన్నీ చాలావరకు జర్మన్‌లోనే ఎదురవుతాయి, ప్రతిసారీ పక్కవాళ్లను బతిమాలుకుంటూ తిరగాలి. ఆస్ట్రియాలోనూ అదే భాష. భాష ఎంత వచ్చో చెప్పడానికి ఎ1 నుంచి సి2 దాకా 6 స్థాయిలు. బయల్దేరేలోపు మూడో స్థాయి బి1 అందుకుంటే సగం టెన్షన్ పోతుంది. లింగాలు కాస్త ఏడిపిస్తాయి లెండి. అమ్మాయిని 'మేట్‌షెన్' అంటారు, అది నపుంసకలింగం! చివర 'షెన్' ప్రత్యయం చేరితే ఏ పదమైనా అంతే. నవ్వకండి, మనమూ 'అమ్మాయి వచ్చింది', 'బస్సు వచ్చింది' అని ఒకే క్రియ వాడతాంగా.