చిన్నీ, ఖాళీగా వచ్చిన లిస్టును నమ్మకు

చిన్నీకి,

అత్త ఆశీస్సులు. నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి నీకు గుణుపూర్‌లో ఉద్యోగం వచ్చిందని, పిల్లల టీకాల రిపోర్టులు తీసే పని అని చెప్పాడు. ఎంత సంతోషం వేసిందో మాటల్లో చెప్పలేను. మన ఇంట్లో ఆడపిల్ల డేటాబేస్ ముందు కూర్చోవడం నా తరువాత నీతోనే. అయితే వాడు మాటల్లో మాటగా ఇంకో ముక్క కూడా అన్నాడు. చేరిన రోజే లైవ్ డేటాబేస్ పాస్‌వర్డ్ నీ చేతికిచ్చేశారట. వాడు గొప్పగానే చెప్పాడు గానీ నాకు గుండె ఝల్లుమంది. అందుకే రాస్తున్నాను.

రేపు వెళ్ళగానే మీ పైవాళ్ళని అడుగు: "నాకు చదవడానికి మాత్రమే వీలుండే లాగిన్ ఇవ్వండి సార్" అని. రిపోర్టులు తీసే మనిషికి సెలెక్ట్ హక్కు, అంటే డేటా చదివే హక్కు ఒక్కటి చాలు. అడిగితే చిన్నతనం అనుకోకు. అడగకపోతేనే నాకు కోపం వస్తుంది.

ఎస్‌క్యూఎల్‌లో, అదే డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాషలో, తేలికైనవి గబగబా చెప్పేస్తాను, నీకు కాలేజీలో చెప్పే ఉంటారు. అన్ని కాలమ్‌లూ లాగేసే సెలెక్ట్ స్టార్ అలవాటు మానెయ్, కావలసిన కాలమ్‌ల పేర్లు రాసుకో. పెద్ద టేబుల్ అయితే ముందు లిమిట్ పెట్టి నాలుగు వరసలు చూడు. గుంపు కట్టకముందు వడకట్టేది వేర్, కట్టాక వడకట్టేది హేవింగ్. ఆర్డర్ బై రాయకుండా వరసలు ఇదే క్రమంలో వస్తాయని ఎన్నడూ అనుకోకు. 1970లో ఐబీఎంలో కాడ్ గారు డేటాని టేబుళ్ళుగా పెట్టే ఈ పద్ధతి ప్రతిపాదించినప్పుడే టేబుల్‌లో వరసలకి ముందూ వెనకా లేదన్నారు. ఇవాళ వచ్చిన క్రమమే రేపూ వస్తుందని మాట ఇచ్చినవాళ్ళు లేరు.

తేదీల దగ్గర ఒక్క క్షణం ఆగు. కాలమ్‌లో తేదీతోపాటు టైము కూడా ఉంటే, బిట్వీన్ అని అక్టోబరు 1కీ 31కీ మధ్య అడిగితే 31వ తేదీ అర్ధరాత్రి సున్నా గంటల దగ్గరే అది ఆగిపోతుంది. ఆ రోజు పగలు టీకా వేయించుకున్న పిల్లలంతా లెక్కలోంచి పోతారు. 1వ తేదీకి సమానం లేదా ఎక్కువ, నవంబరు 1 కంటే తక్కువ అని రాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నేను పనిచేసిన ఒక సంస్థలో జరిగింది, పేరు చెప్పను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మన గజపతి జిల్లా కొండల మీద పడింది గుర్తుందా? నువ్వప్పుడు స్కూల్లో ఉన్నావు. కరెంటు పోయి మీరంతా మా ఇంట్లో దీపం పెట్టుకుని కూర్చున్నారు. ఆ తరువాత మా సంస్థ కొండ ఊళ్ళలో టార్పాలిన్లు, బియ్యం, దుప్పట్లు పంచింది. మా దగ్గర రెండు టేబుళ్ళుండేవి. ఒకటి సర్వేలో రాసుకున్న కుటుంబాలది, రెండోది పంపిణీది. రెండింటినీ కలిపేది కార్డు నంబరు.

నా పక్క సీటు కుర్రాడు మంచి తెలివైనవాడు. ఇంకా సరుకు అందనివాళ్ళ లిస్టు తీయమన్నారు. వాడు చక్కగానే రాశాడు: కుటుంబాల్లో ఎవరి కార్డు నంబరు పంపిణీ టేబుల్‌లోని నంబర్లలో లేదో వాళ్ళని చూపించు, అంటే నాట్ ఇన్. క్వెరీ, అంటే వాడు డేటాబేస్‌కి రాసిన ప్రశ్న, నడిచింది. ఎర్రర్ లేదు. ఒక్క వరసా రాలేదు. గదిలో అందరం చప్పట్లు కొట్టాం. అందరికీ అందిందని పైకి రిపోర్టు వెళ్ళింది, మిగిలిన దుప్పట్ల లారీ గోడౌన్‌కి తిరిగిపోయింది.

కొన్నాళ్ళకి ఒక సవర ముసలమ్మ మా గేటు దగ్గరికి వచ్చింది. కార్డుని పాలిథిన్ కవరులో పెట్టి, దాన్ని కొంగుకి కట్టుకుని తెచ్చింది. వానకి తడిసి సిరా పాకిపోయింది గానీ నంబరు కనిపిస్తోంది. "మాకు రాలేదమ్మా" అంది, అంతే. కేకలు లేవు, ఏడుపు లేదు. నేను లోపలికి వెళ్ళి ఆ నంబరు వెతికాను. కుటుంబాల్లో ఉంది. పంపిణీలో లేదు. మరి అందనివాళ్ళ లిస్టులో ఈమె ఎందుకు లేదు? ఆ ప్రశ్నతో నాకు ఒళ్ళు చల్లబడిపోయింది.

కారణం ఏంటో విను. వానలో పంచేటప్పుడు కొందరి కార్డులు కొట్టుకుపోయాయి. పంచినవాళ్ళు నంబరు గడి వదిలేశారు. ఆ వరసల్లో నంబరు నల్. నల్ అంటే సున్నా కాదు, "తెలియదు" అని. ఇప్పుడు ఈ ముసలమ్మ నంబరు ఆ జాబితాలో లేదా అని డేటాబేస్‌ని అడిగితే, తెలిసిన నంబర్లన్నిటితో పోల్చి కాదు, కాదు అంటుంది. నల్ దగ్గరికి వచ్చేసరికి అదే ఆమెది కావచ్చేమో, తెలియదు అంటుంది. మొత్తం జవాబు "తెలియదు" అవుతుంది. వేర్ దాటాలంటే జవాబు "అవును" అని తేలాలి. అందుకని పంపిణీ టేబుల్‌లో ఒక్కటంటే ఒక్క నల్ ఉన్నా చాలు, అందనివాళ్ళు వందలమంది ఉన్నా లిస్టు ఖాళీగానే వస్తుంది. అది దాని నియమం ప్రకారం సరిగ్గానే చెప్పింది. మనం వినాల్సినట్టు వినలేదు.

అదే క్వెరీని నాట్ ఎగ్జిస్ట్స్‌తో, అంటే ఎవరి నంబరుతో పంపిణీలో ఒక్క వరసా లేదో వాళ్ళని చూపించు అని రాసి నడిపిస్తే పేజీలకు పేజీలు వచ్చింది. లారీ మళ్ళీ వెళ్ళింది. అప్పటికి కొండమీద చలి మొదలైపోయింది. ఆ కుర్రాడు రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని కూర్చున్నాడు. వాడిని తిట్టడానికి నాకు నోరు రాలేదు. నాట్ ఇన్ అలా చేస్తుందని వాడికి ఎవరూ చెప్పలేదు. నీకు నేను చెబుతున్నాను.

నీ దగ్గర ఆ దుప్పట్ల చోట టీకాలు ఉంటాయి. టీకా పడని పిల్లల లిస్టు అడుగుతారు. అది ఖాళీగా వస్తే సంతోషపడకు తల్లీ, ముందు భయపడు. నాట్ ఎగ్జిస్ట్స్ రాయి. లేదా పిల్లలందరినీ ఉంచి పక్కన టీకాల టేబుల్‌ని కలిపే లెఫ్ట్ జాయిన్ చేసి, టీకాల వైపు ఐడీ ఈజ్ నల్ అయినవాళ్ళని తీయి. సమానం గుర్తు పెట్టి నల్‌ని వెతక్కు, ఎప్పటికీ దొరకదు. లెఫ్ట్ జాయిన్‌లోనూ ఒక గొయ్యి ఉంది. ఈ ఏడాది టీకాలనే చూడాలని ఆ షరతుని వేర్‌లో పెడితే, టీకా పడని పిల్లలకి ఆ తేదీ నల్ కాబట్టి వాళ్ళంతా అక్కడే రాలిపోతారు. షరతుని, రెండు టేబుళ్ళనీ దేనితో కలపాలో చెప్పే ఆన్ దగ్గర పెట్టు.

ప్రతి క్వెరీకీ ఇలా చెయ్: జవాబు నీకు ముందే తెలిసిన ఒక బిడ్డని పెట్టుకో. రిజిస్టర్‌లో కళ్ళారా చూసిన, టీకా పడని బిడ్డ. నీ లిస్టులో ఆ బిడ్డ వచ్చిందా లేదా చూడు. తరువాత మొత్తాలు కూడి చూడు. టీకా పడ్డ పిల్లలూ పడనివాళ్ళూ కలిపితే మొత్తం పిల్లల సంఖ్య రావాలి. కౌంట్ స్టార్ అన్ని వరసల్నీ లెక్కపెడుతుంది, కౌంట్‌లో కాలమ్ పేరిస్తే నల్‌లని వదిలేస్తుంది, అది మర్చిపోకు. ఒక తల్లికి ముగ్గురు పిల్లలూ, ఆమె పేరున రెండు విజిట్లూ ఉంటే, రెండు టేబుళ్ళనీ తల్లి ఐడీతోనే కలిపేస్తే ఆరు వరసలు అవుతాయి. మొత్తం మించిపోయిందంటే అక్కడ వెతుకు.

పేర్లతో మాత్రం జాయిన్ చెయ్యకు. ఇది మన ప్రాంతం బాధ, భువనేశ్వర్‌లో చదువు చెప్పినవాళ్ళు నీకు చెప్పి ఉండరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు చేరినప్పటినుంచీ మన పేర్లు ఇంట్లో ఒకలా, కాగితం మీద ఇంకోలా బతుకుతున్నాయి. ఒడియా రాసేవాళ్ళ చేతిలో వకారం బకారమైపోతుంది. మీ తాతయ్య వెంకటరావు, రేషన్ కార్డులో బెంకట రావు. ఆంధ్రాలో ఉన్న పాతపట్నంలో వేయించుకున్న టీకా చీటీలో మళ్ళీ వెంకటరావే. డేటాబేస్‌కి వాళ్ళిద్దరూ వేర్వేరు మనుషులు. ఐడీతోనే కలుపు. ఎక్సెల్ నుంచి ఎక్కించిన ఐడీలైతే ముందున్న సున్నాలు ఎగిరిపోయాయేమో చూసుకో.

ఎప్పుడో ఒకరోజు అప్‌డేట్ చెయ్యమని, అంటే ఉన్న వరసల్ని మార్చమని కూడా అంటారు. ముందు అదే వేర్‌తో సెలెక్ట్ నడిపి ఎన్ని వరసలొచ్చాయో కాగితం మీద రాసుకో. స్టార్ట్ ట్రాన్సాక్షన్ అని అప్పుడు అప్‌డేట్ చెయ్. మారిన వరసల సంఖ్య కాగితం మీదున్నదానికి సరిపోతేనే కమిట్ చేసి ఖాయం చెయ్, లేదంటే రోల్‌బ్యాక్ చేసి వెనక్కి తీసుకో. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో నువ్వు ఇలా మొదలుపెట్టకపోతే ప్రతిదీ అప్పటికప్పుడే కమిట్ అయిపోతుంది, వెనక్కి రాదు. సాయంత్రం బస్సు టైముకి అప్‌డేట్ ముట్టుకోకు. నీకు చిన్నప్పటినుంచీ తొందర ఎక్కువ. అన్నం చల్లారకుండానే నోట్లో పెట్టుకుని ఏడ్చేదానివి, ఊదినదాన్ని నేనే.

గుణుపూర్ రైలు మన కిమిడి మీదుగానే కదా వెళ్ళేది. చిన్న రైలు ఉన్నప్పుడు నేనూ మీ నాన్నా కాశీనగర్ సంతకి దాంట్లోనే పోయేవాళ్ళం, వాడు కిటికీ దగ్గర నుంచి కదిలేవాడు కాదు. ఆదివారం కిమిడిలో దిగు. నువ్వు రాసిన మొదటి టీకా రిపోర్టు క్వెరీ కాగితం మీద రాసుకుని తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం. క్వెరీ మాత్రమే తే. పిల్లల పేర్లూ, ఫోన్ నంబర్లూ ఉన్న కాగితం ఒక్కటి కూడా ఆఫీసు గుమ్మం దాటకూడదు, నాకు చూపించడానికైనా సరే.

ఇట్లు
నీ అత్త