ఒకే బస్సు రెండుగా కనబడితే

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. చాలాకాలంగా షుగరు ఉంది. వారం క్రితం ధర్మవరం బస్టాండులో ఒకే బస్సు పక్కపక్కన రెండుగా కనబడుతోందన్నారు. ఏ కన్ను మూసినా ఒకటిగానే కనబడుతుందట. ఎడమ కన్ను ముక్కు వైపు వాలింది. కండరం బలహీనపడిందనీ, కంటి వ్యాయామాలతో సరిపోతుందనీ తెలిసినవారు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఏ కన్ను మూసినా ఒకటిగా కనబడుతోందని మీరు రాయడం ఎంతో మేలు చేసిందమ్మా. శుక్లం వంటి దోషమైతే ఆ కన్ను ఒక్కటే తెరిచినా రెండుగానే కనబడవచ్చు. మీ నాన్నగారి విషయంలో రెండు కళ్లూ ఒకే చోటికి గురి కుదరకపోవడమే చిక్కు.

ఒక్కొక్క కంటిని 6 కండరాలు తిప్పుతాయి. నాలుగు తిన్ననివి, రెండు ఏటవాలువి. పై ఏటవాలు కండరం, బావి గిలక మీదుగా చేంతాడు మలుపు తిరిగినట్లు, ముక్కు పక్కన ఉన్న చిన్న వలయంలోంచి మలుపు తిరిగి కంటిగుడ్డుకు చేరుతుంది. మెదడు నుంచి వచ్చే మూడు నరాలు వీటిని నడిపిస్తాయి. కంటిని చెవి వైపు లాగే కండరానికి మాత్రం ప్రత్యేకంగా ఒక నరం, అంటే ఆరవ కపాల నరం, ఉంది. అది చచ్చుబడితే లోపలికి లాగే కండరానికి ఎదురు ఉండదు కనుక కన్ను ముక్కు వైపు వాలుతుంది. షుగరు, రక్తపోటు ఉన్నవారిలో ఆ నరానికి రక్తం అందించే సన్నని నాళాలు మూసుకుపోవడం వల్ల ఇలా జరగడం తరచుగా చూస్తుంటాం. నరం దెబ్బతిన్నప్పుడు కండరానికి చేయించే వ్యాయామం దాన్ని బాగుచేయదు. వాటిని నమ్ముకొని రోజులు గడపవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఇప్పటికే వారం గడిచింది కనుక వెంటనే కంటి వైద్యునికి చూపించి, షుగరు, రక్తపోటు పరీక్షలు చేయించండి. కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి కూడా ఉంది. రెప్ప వాలినా, కంటిపాప పెద్దదైనా, తీవ్రమైన తలనొప్పి వచ్చినా, మాట తడబడినా, కాలుచేయి పట్టు తప్పినా తెల్లవారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకువెళ్లాలి.

కారణం షుగరే అయితే చాలామందిలో మూడు నుంచి ఆరు నెలల్లో చూపు దానంతట అదే కుదురుకుంటుంది. మూడు నెలలకూ మార్పు లేకపోతే మెదడు స్కానింగ్ అవసరమవుతుంది. అంతవరకు ఒక కంటికి గంత కట్టుకుంటే రెండు బొమ్మల బాధ తప్పుతుంది గానీ, దూరం అంచనా తప్పవచ్చు కనుక బండి నడపనివ్వకండి, మెట్ల దగ్గర చేయి అందించండి. ఆయన ముఖం ఎడమకు తిప్పి టీవీ చూస్తుంటే వారించకండి. అలా తిప్పినప్పుడు ఆ బలహీనమైన కండరంతో పని పడదు, బొమ్మ ఒకటిగా కనబడుతుంది.