పిచ్ తవ్వేసిన ఏడాది

ప్రశ్న: 2025 ఆసియా కప్‌లో మనవాళ్లు పాకిస్తాన్ ఆటగాళ్లకు షేక్‌హ్యాండ్ ఇవ్వకపోవడం చూసి, పదో తరగతి చదివే మా అబ్బాయి "ఆటలోకి ఈ రాజకీయాలు ఎందుకమ్మా?" అన్నాడు. మా చిన్నప్పుడు ఇలా ఉండేది కాదని చెప్పాను. నిజమేనంటారా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: లేదండీ. మన చిన్నప్పుడు ఇంతకన్నా ఎక్కువే జరిగింది. 1999 గుర్తు చేసుకోండి. పన్నెండేళ్ల తర్వాత పాకిస్తాన్ జట్టు టెస్టులాడటానికి మన దేశం వస్తోంది. వద్దంటూ శివసేన వాళ్లు జనవరిలో ఢిల్లీ ఫిరోజ్‌షా కోట్లా మైదానంలో పిచ్ తవ్వేశారు. ముంబైలో క్రికెట్ బోర్డు ఆఫీసు మీద కూడా పడ్డారు. దాంతో మొదటి టెస్టు చెన్నైకి మారింది.

మాది నెల్లూరు. పిచ్ తవ్విన వార్త చదివి "మంచి పని చేశారు" అన్న మా మామయ్యే, మ్యాచ్ చెన్నైకి వచ్చిందనగానే టికెట్లు సంపాదించాడు! నాలుగో రోజు ఆదివారం. నన్నూ వెంటబెట్టుకుని వెళ్లాడు. గెలవాలంటే 271 కొట్టాలి. 82కే ఐదు వికెట్లు పోయాయి. ఇక అయిపోయిందనుకుంటుంటే సచిన్, మోంగియా నిలబడ్డారు. సచిన్‌కు నడుం నొప్పి, ఒక్కో షాట్ తర్వాత వంగిపోయేవాడు. మామయ్య పొద్దున్నుంచీ పాకిస్తాన్ స్పిన్నర్ సక్లైన్‌ని తిడుతూనే ఉన్నాడు. ఇంకా 17 పరుగులు కావాలనగా, ఆ సక్లైన్ బంతినే సచిన్ పైకి లేపాడు. అక్రమ్ పట్టేశాడు. 136 దగ్గర అవుట్. మిగతా మూడు వికెట్లూ నాలుగు పరుగుల్లో పోయాయి. 12 పరుగుల తేడాతో ఓడిపోయాం.

నాకు ఏడుపొచ్చేసింది. చుట్టూ చూస్తే జనమంతా లేచి చప్పట్లు కొడుతున్నారు. పాకిస్తాన్ వాళ్లు మైదానం చుట్టూ తిరుగుతుంటే చప్పట్లు ఆగలేదు. మా మామయ్య కూడా లేచాడు. నాకు ఆయన మీద ఎంత కోపమొచ్చిందో! స్టేషన్‌కు వచ్చేదాకా మాట్లాడలేదు.

అయితే ఇక్కడితో కథ ఆపేసి, చూశారా జనం ఎంత మంచివాళ్లో అనడం నాకిష్టం లేదు. అదే ఏడాది ఫిబ్రవరిలో కోల్‌కతా టెస్టులో షోయబ్ అఖ్తర్‌ను గుద్దుకుని సచిన్ రనౌట్ అయితే, గ్యాలరీల నుంచి సీసాలు విసిరారు. చివరి రోజు ప్రేక్షకుల్ని బయటికి పంపేసి, ఖాళీ స్టాండ్ల మధ్య ఆట ముగించారు. ఆ రోజే వాజ్‌పేయి గారు బస్సులో లాహోర్ వెళ్లారు. మే వచ్చేసరికి కార్గిల్. యుద్ధం నడుస్తుండగానే జూన్ 8న మాంచెస్టర్‌లో ప్రపంచకప్ మ్యాచ్ ఆడాం, గెలిచాం కూడా.

రాజకీయాలు బయటి నుంచి వచ్చి ఆటలో దూరుతాయని మీ అబ్బాయి అనుకుంటున్నాడు. 2025లో ఆసియా క్రికెట్ కౌన్సిల్ అధ్యక్షుడు పాకిస్తాన్ హోంమంత్రే. ఆయన చేతుల మీదుగా మనవాళ్లు కప్పు తీసుకోలేదు. ఇంక దూరడానికి ఏముంది?

నా మటుకు నాకు 1974 డేవిస్ కప్ నచ్చుతుంది. మన టెన్నిస్ జట్టు ఫైనల్‌కు చేరింది. ఎదురుగా దక్షిణాఫ్రికా. అక్కడి వర్ణవివక్షకు నిరసనగా మనం ఆడలేదు, కప్పు వాళ్లకు పోయింది. మనకు ఆ కప్పు ఇప్పటికీ రాలేదు. అదీ రాజకీయమే, కానీ దాని ఖరీదు మనమే కట్టాం. దుబాయ్‌లో ఈ ఆసియా కప్ మ్యాచ్‌ల్లో అలా కాదు. మ్యాచ్ కావాలి, టీవీ డబ్బులు కావాలి, చెయ్యి మాత్రం కలపం. పహల్గామ్ ఉగ్రదాడి తర్వాత ఆడకూడదని అనుకుంటే మానేయాల్సింది, నేను తప్పు పట్టేవాణ్ని కాదు. ఆడాక మాత్రం అవతలివాడికి చెయ్యివ్వకపోవడం నాకు మింగుడు పడలేదు.

మీ అబ్బాయి దీనికి ఒప్పుకోకపోవచ్చు. మా మామయ్యైతే ఫోన్‌లో అరగంట వాదించాడు, ఇంకా తేలలేదు.