వెన్ను నీరు పరీక్షకు ఒప్పుకోండమ్మా

చి.ల.సౌ. అమ్మాయికి, పెద్దమ్మ దీవించి రాసేది.

బాబుకి మెదడు టీబీ అని అనుమానిస్తున్నారని, నడుము దగ్గర నీరు తీసి పరీక్ష చేస్తామంటే అల్లుడుగారు సంతకం పెట్టలేదని నువ్వు చెప్పిన దగ్గర్నుంచి నాకు స్థిమితం లేదు. ఈ టెన్షన్‌లో ఫోన్‌లో చెప్పినవి నీకు సగం కూడా గుర్తుండవు. అందుకే రాసి పంపిస్తున్నాను. ముందు ఈ నీటి సంగతి వరకు అల్లుడుగారికి చదివి వినిపించు. మిగతాది నువ్వు తర్వాత నింపాదిగా చదువుకోవచ్చు.

నీరు తీస్తే కాళ్లు పడిపోతాయన్న మాట న్యూరాలజీ వార్డులో నేను పనిచేసినన్నాళ్లూ వింటూనే ఉన్నాను. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము మొదటి పూస దగ్గరే ఆగిపోతుంది. సూది వేసేది దానికి బాగా కింద, మూడో పూసకీ నాలుగో పూసకీ మధ్యలో. అక్కడ నీళ్లలో తేలే నరాల పోగులే ఉంటాయి, వెన్నుపాము ఉండదు. తీసేది కొన్ని మిల్లీలీటర్లు. మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ఆ నీరు మన ఒంట్లో రోజుకి 500 మిల్లీలీటర్ల దాకా కొత్తగా ఊరుతుంది, తీసింది కాసేపట్లోనే భర్తీ అవుతుంది. ఆ తర్వాత కొందరికి లేచి కూర్చుంటే తలనొప్పి వస్తుంది, పడుకుంటే తగ్గుతుంది. కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది.

మరి ఆ భయం ఎక్కడినుంచి వచ్చిందంటావా? ఈ జబ్బు మెదడు రక్తనాళాలను మూసేసి పక్షవాతం తెప్పిస్తుంది, వెన్ను పొరల్లోకి పాకి కాళ్లు పడగొడుతుంది. ఆలస్యంగా ఆసుపత్రికి వచ్చినవాళ్లకి నీరు తీసిన వారంలోనే అలా జరిగితే, ఇంట్లోవాళ్లు ఆ సూదినే తప్పుపడతారు. చేసింది జబ్బు, నింద సూదికి. అల్లుడుగారికి ఈ ఒక్కటి అర్థమైతే చాలు. కాకపోతే బాబు మత్తుగా ఉంటే, ఫిట్స్ వచ్చి ఉంటే ముందు స్కానింగ్ తీసి, ఆ తర్వాతే సూది వేస్తారు. రక్తం పలచబడే మందులేమైనా వాడుతున్నాడేమో కూడా చెప్పండి.

దగ్గు లేదు కదా, టీబీ ఎలా వచ్చిందని అడిగావు. క్రిమి గాలిలోంచి ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది. అక్కడినుంచి రక్తంలో కలిసి మెదడు దగ్గర చిన్న మచ్చలా కూర్చుంటుంది. నెలలో, ఏళ్లో గడిచాక అది పగిలి మెదడు పొరల్లోకి చేరితే ఈ జబ్బు మొదలవుతుంది. ఒక్కోసారి పొరలకి పాకకుండా మెదడులోనే గడ్డ కడుతుంది, అలాంటివాళ్లలో చాలామందికి మొదట కనబడేది ఫిట్స్. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉన్నంత మాత్రాన టీబీ కాదనడానికి లేదు.

మూడు వారాలుగా సాయంత్రం సన్నగా జ్వరం, తగ్గని తలనొప్పి, వాంతులు, ఊరికే విసుక్కోవడం, హాస్టల్‌లో ఎవరితోనూ మాట్లాడకపోవడం. నువ్వు చెప్పిన ఇవన్నీ ఈ జబ్బు తొలి రోజుల్లో ఉండేవే. మామూలు మెదడువాపు జ్వరం రెండు మూడు రోజుల్లోనే మనిషిని పడేస్తుంది. ఇది వారాల తరబడి నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి టైఫాయిడ్ అనుకుంటారు, మైగ్రేన్ అనుకుంటారు, గాలి సోకిందని తాయెత్తులు కట్టిస్తారు. తర్వాత ఒకటి రెండుగా కనబడటం, మెల్లకన్ను, మెడ బిగుసుకోవడం, మత్తు, ఫిట్స్, ఆఖరికి స్పృహ తప్పడం. మాట బాగా ఉండగా మందు మొదలైనవాళ్లు చాలామంది కోలుకుంటారు. స్పృహ తప్పాక వచ్చినవాళ్లలో ఎందరినో కాపాడుకోలేకపోయాం. బాబు ఇంకా నిన్ను గుర్తుపట్టి మాట్లాడుతున్నాడు. నా తొందరంతా అందుకే.

తీసిన నీటిలో కణాలు, ప్రొటీన్, చక్కెర చూస్తారు. టీబీలో ప్రొటీన్ పెరుగుతుంది, చక్కెర తగ్గుతుంది. అదే సమయంలో వేలినుంచి రక్తంలో షుగర్ కూడా చూడాలి, రెండూ పోల్చుకుంటేనే అర్థం ఉంటుంది. టీబీ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ అనే పరీక్ష యంత్రంలో రెండు గంటల పనే, క్రిమి మందుకు లొంగుతుందో లేదో కూడా అందులో కొంత తెలుస్తుంది. కానీ మెదడు టీబీలో క్రిములు చాలా తక్కువగా ఉంటాయి కాబట్టి అది నెగెటివ్ వచ్చినా టీబీ లేదని కాదు. ఆ నీటిలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్‌కి ఆరు వారాల దాకా పడుతుంది. అందుకని లక్షణాలు, నీరు, ఎంఆర్ఐ కలిపి చూసి డాక్టర్లు మందు మొదలుపెట్టేస్తారు. ‘రిపోర్టులో టీబీ అని లేదు, మందెందుకిస్తున్నారు’ అని గొడవపడకండి. హెచ్ఐవీ పరీక్ష కూడా అందరికీ చేస్తారు, దానికి చిన్నబుచ్చుకోవద్దు.

మందు తొమ్మిది నుంచి పన్నెండు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత మూడు, బరువును బట్టి మాత్రలు. వీటితోపాటు తలలో వాపు తగ్గడానికి స్టెరాయిడ్ ఇస్తారు. ఆ పేరు వినగానే అల్లుడుగారు వద్దంటారని నాకు తెలుసు. 2004లో వియత్నాంలో 545 మంది మీద చేసిన పరిశోధనలో స్టెరాయిడ్ ఇచ్చినవాళ్లలో మరణాలు 32 శాతం, ఇవ్వనివాళ్లలో 41 శాతం. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆపుతారు. మొహం ఉబ్బిందనో, ఆకలి పెరిగిందనో మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపితే తలలో వాపు మళ్లీ రావచ్చు. మెదడులో నీరు పేరుకుంటే తలనుంచి పొట్టలోకి చర్మం కింద సన్నని గొట్టం వేయాల్సి రావచ్చు. అడిగితే ఆలోచిస్తూ కూర్చోకండి.

ఇంటికొచ్చాక అసలు పని నీదే. మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది, అది మందు రంగే. కళ్లు పచ్చబడినా, అన్నం చూస్తే వాంతి వచ్చినా అదే రోజు లివర్ పరీక్ష చేయించు. పేపర్ అక్షరాలు మసకబారాయన్నా, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియట్లేదన్నా వెంటనే చెప్పు, అందులో ఒక మాత్ర కంటినరం మీద పనిచేస్తుంది. అరికాళ్ల మంటలు రాకుండా బీ6 మాత్ర ఉండాలి. మళ్లీ మత్తుగా ఉంటే రక్తంలో సోడియం (ఉప్పు) చూడమను, ఈ జబ్బులో అది తరచూ పడిపోతుంది. ఫిట్స్ మందులు రాసే డాక్టరుకి టీబీ మందుల చీటీ తప్పకుండా చూపించు, ఒకదాని మోతాదును ఇంకొకటి మారుస్తుంది.

ఇంకో సంగతి ముందే చెప్తున్నాను. రెండో నెలలోనో మూడో నెలలోనో తలనొప్పి తిరగబెట్టి, స్కాన్‌లో గడ్డ పెరిగినట్టు కనబడొచ్చు. చచ్చిన క్రిముల మీద ఒళ్లు తిరగబడితే అలా అవుతుంది. మందు పనిచేయట్లేదని ఆపేసి వేరేచోటికి పరిగెత్తకండి. డాక్టరు మందుకు లొంగని టీబీ కాదని చూసుకుని, స్టెరాయిడ్ సర్దుతారు. మరీ ఎక్కువమంది ఆపేసేది మాత్రం బాగైపోయాక. నాలుగో నెలకి బరువు పెరిగి, కాలేజీకి వెళ్తానంటాడు. వెళ్లనీ, మాత్ర మాత్రం నీ ఎదుటే మింగాలి.

ప్రైవేటులో చూపించినా, టీబీ రోగుల పేర్లు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో పేరు నమోదు చేయించు. మందులు ఉచితం, పోషకాహారానికి నెలకి 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. వివరాలకి 1800 11 6666 ఉంది. మెదడు టీబీ ఒకరినుంచి ఒకరికి అంటదు, ఊపిరితిత్తుల్లో కూడా ఉంటేనే అంటుతుంది. కాబట్టి కంచం, గ్లాసు వేరు పెట్టి వాడి మనసు కష్టపెట్టకు. అయినా బాబుకి ఎవరినుంచో వచ్చింది కదా, ఇంట్లో అందరికీ పరీక్షలు చేయించు. మీ ఆడపడుచు పసిబిడ్డకి బీసీజీ టీకా వేశారో లేదో కనుక్కో, పసిపిల్లల్ని ఈ మెదడు టీబీ నుంచే అది ముఖ్యంగా కాపాడేది.

రేపు పొద్దున రౌండ్స్‌కి వచ్చినప్పుడు రెండే అడుగు: నీరు ఎప్పుడు తీస్తారు, ఫలితం వచ్చేలోపు మందు మొదలుపెడతారా. అల్లుడుగారు సంతకం పెట్టగానే నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రి అయినా సరే.

నీ పెద్దమ్మ