కడుతున్న ఫ్లాట్‌కి లోన్: ఓసీ వచ్చేదాకా లెక్క వేసుకోండి

ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని రోజుల్లో, హైదరాబాద్ బాచుపల్లిలో ఇంకా స్లాబులు పడుతున్న 80 లక్షల ఫ్లాట్‌ని 60 లక్షల లోన్‌తో కొనొచ్చా అని అడిగారు. కొనొచ్చు. కానీ ఆఖరి స్లాబు పడ్డాక ఓసీ (ఫ్లాట్‌లో ఉండొచ్చని ఇచ్చే అనుమతి పత్రం) వచ్చేదాకా ఎలా నెట్టుకొస్తారో ముందు చూసుకోండి. చాలామంది దెబ్బతినేది అక్కడే.

వడ్డీ 8 శాతం అనుకుందాం. బ్యాంకు 24 లక్షలు విడుదల చేసేసరికి ప్రీ-ఈఎంఐ, అంటే విడుదలైన డబ్బు మీద వడ్డీ మాత్రమే, నెలకు 16,000. పెద్ద బరువనిపించదు. 60 లక్షలూ బిల్డర్‌కి వెళ్లాక అదే 40,000 అవుతుంది, అప్పు అసలులో రూపాయి కూడా తగ్గదు. పైన అద్దె 25,000. ఏడాది ఆలస్యమైతే 7.8 లక్షలు కరిగిపోతాయి. ఈ డబ్బు ఎఫ్‌డీలో పక్కన పెట్టాకే సంతకం పెట్టండి.

చేతి డబ్బు 20 లక్షలు సరిపోవు. జీఎస్టీ 5 శాతం, అంటే 4 లక్షలు. రిజిస్ట్రేషన్‌కి ఏడున్నర శాతం లెక్కన మరో 6 లక్షలు. బిల్డర్‌కి వెళ్లే ప్రతి చెల్లింపులోనూ 1 శాతం టీడీఎస్ మీరే కోసి ఆదాయపన్ను శాఖకి కట్టాలి, బ్యాంకు ఇచ్చే వాటాకి కూడా. ఇది మర్చిపోయి నోటీసులు అందుకునేవాళ్లు ఎక్కువ.

రేటు సంగతి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో (ఆర్‌బీఐ బ్యాంకులకి అప్పిచ్చే రేటు) 4 నుంచి 6.5 శాతానికి పెరిగింది. 6.7 శాతానికి 20 ఏళ్లకి తీసుకున్న 60 లక్షలకి ఈఎంఐ 45,444. రెపోతో పాటు అది 9.2 శాతమయ్యాక నెల వడ్డీయే 46,000! బ్యాంకులు ముందు గడువు పొడిగిస్తాయి, అది చాలకపోతే ఈఎంఐ పెంచుతాయి. అందుకే 8 శాతానికి అయ్యే 50,186 కాదు, 10 శాతానికి అయ్యే 57,900 కట్టగలరా అని చూసుకోండి. ఇలా వడ్డీ మారే ఫ్లోటింగ్ లోన్‌కి ముందస్తు చెల్లింపు మీద జరిమానా లేదు కాబట్టి బోనస్ వస్తే అసలులో వేసేయండి.

అగ్రిమెంట్ రిజిస్టర్ కాకముందు 10 శాతానికి మించి ఇవ్వొద్దు, రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 13వ సెక్షన్ అదే చెబుతోంది. సేల్స్ వాళ్లు నోటితో చెప్పే తేదీ వదిలేసి, రెరా సైట్‌లో ఉన్న పూర్తి తేదీ చూడండి. రెండింటికీ ఏడాది తేడా ఉండటం మామూలే. రెరా నంబరు రాకముందే అమ్మే ప్రీ-లాంచ్ ఫ్లాట్ల జోలికి అసలు పోవద్దు.

అదే ఏరియాలో ఓసీ వచ్చిన ఫ్లాట్ చదరపు అడుగుకి 500 ఎక్కువైనా, 1,200 అడుగులకి అదనం 6 లక్షలే. జీఎస్టీ 4 లక్షలు మిగులుతుంది, అద్దె, వడ్డీ రెండూ కట్టే బాధ ఉండదు. మీ పరిస్థితిలో నేనైతే అదే తీసుకోమంటాను.