ముందు తప్పిపోయిన గుర్రాలను వెదకండి

వాహన సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: అయ్యా, మాది చీమకుర్తి. ఒంగోలులో ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాను. మా మేనమామ గారు తాను వాడుకున్న 1998 నాటి మారుతీ 800 కారును నాకు ఇచ్చారు. కార్బురేటరు బండి, మీటరు లక్ష కిలోమీటర్లకు దగ్గర పడింది. నలుగురం ఎక్కితే ఫ్లైఓవరు మీద కూడా రెండో గేరు అడుగుతోంది. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన 12,000 రూపాయలు నా దగ్గర ఉన్నాయి. శంకువు ఆకారపు కోన్ ఎయిర్ ఫిల్టరు పెట్టించమని ఒక స్నేహితుడు, సైలెన్సరు మార్చమని ఇంకొకడు, ఏకంగా పాత మారుతీ జెన్ కారు ఇంజను ఎక్కించమని మరొకడు చెబుతున్నారు. దేనితో మొదలు పెట్టమంటారు?
– ఒక విద్యార్థి, చీమకుర్తి

జవాబు: ఆ మూడింటిలో దేనితోనూ మొదలు పెట్టవద్దు. మీ కారులోని 796 సీసీల మూడు సిలిండర్ల ఇంజను కొత్తగా ఉన్న రోజుల్లో ఇచ్చిన శక్తి 37 హార్స్ పవర్ ప్రాంతంలో ఉండేది. ఆ 37 గుర్రాలతోనే నలుగురు మనుషులు, వెనుక సామాను వేసుకుని ఒంగోలు నుంచి శ్రీశైలం ఘాటు ఎక్కి దిగిన కుటుంబాలు మన జిల్లాలో లెక్కలేనన్ని ఉన్నాయి. మీ కారు ఫ్లైఓవరు దగ్గరే ఆయాసపడుతోందంటే, వాటిలో కొన్ని దారిలో ఎక్కడో తప్పిపోయాయన్న మాట. తప్పిపోయినవాటిని వెదికి తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చు, కొత్తవాటిని కొనడానికి అయ్యే ఖర్చులో నాలుగో వంతు కూడా ఉండదు. పైగా కొన్ని పరీక్షలకు రూపాయి కూడా అక్కరలేదు.

బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టరు డబ్బా తీసి, ఇంజను ఆపి ఉంచి, స్నేహితుడిని సీట్లో కూర్చోబెట్టి యాక్సిలరేటరును నేల దాకా తొక్కమనండి. మీరు కార్బురేటరు గొంతులోకి చూడండి. లోపలి రేకు పూర్తిగా నిలువుగా నిలబడాలి. పాత బండ్లలో కేబులు సాగిపోయి గానీ, పెడలు కింద మందపాటి మ్యాటు అడ్డుపడి గానీ ఆ రేకు ముప్పాతిక వంతు మాత్రమే తెరుచుకోవడం నేను చాలాసార్లు చూశాను. అలాంటి బండి యజమాని ఇంజను చచ్చిపోయిందని బాధపడుతుంటాడు. నిజానికి ఆయన ఇంజనును పూర్తిగా అడగనే లేదు. తరువాత ఒక్కొక్క చక్రాన్ని జాకీతో ఎత్తి, గేరు తీసి, హ్యాండ్ బ్రేకు వదిలి చేత్తో తిప్పండి. రెండు చుట్లయినా తిరగకుండా గీరుకుంటూ ఆగిపోతే బ్రేకు పట్టేసి ఉంది. ఆపైన చదునైన రోడ్డు మీద నాలుగో గేరులో 40 కిలోమీటర్ల వేగంతో వెళుతూ ఒక్కసారిగా తొక్కండి. ఇంజను రొద పెరిగి వేగం పెరగకపోతే జారుతున్నది క్లచ్చి. ఇక టైర్లలో గాలి సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇవన్నీ సరిగా ఉంటే అప్పుడు ఇంజను ఊపిరిని కొలవాలి. ఇది కంప్రెషన్ పరీక్ష, అంటే ఒక్కొక్క సిలిండరు గాలిని ఎంత ఒత్తిడితో నొక్కగలుగుతోందో చూడడం. గేజి వెయ్యి, పదిహేను వందల రూపాయలకు దొరుకుతుంది. ఒంగోలులో ఏ మంచి మెకానిక్ దగ్గరైనా ఉంటుంది కనుక కొనకపోయినా పరవాలేదు. బ్యాటరీ నిండుగా ఉండాలి, ఇంజను వేడెక్కి ఉండాలి. మూడు ప్లగ్గులూ విప్పి, కాయిల్ వైరు తీసి పక్కన పెట్టి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి పట్టుకుని, ఒక్కొక్క సిలిండరుకు ఐదారు చుట్లు సెల్ఫ్ కొట్టి ముల్లు ఎక్కడ ఆగిందో కాగితం మీద రాసుకోండి. మూడు అంకెలూ ఒకదానికొకటి దగ్గరగా ఉండడం ముఖ్యం. ఉదాహరణకు 165, 160, 110 అని వచ్చాయనుకోండి. మూడో సిలిండరు పనిలో కొంత ఎగ్గొడుతోంది. ఆ సిలిండరులోకి ప్లగ్గు రంధ్రం గుండా ఒక చెంచా ఇంజను ఆయిలు పోసి మళ్లీ కొలవండి. అంకె పైకి లేస్తే అరిగినవి పిస్టన్ రింగులు లేదా సిలిండరు గోడ. లేవకపోతే లోపం పైన వాల్వుల్లోనో, సిలిండర్ల పైమూత అయిన హెడ్ కింద ఉండే గాస్కెట్‌లోనో ఉంది. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే ముందుగా అనుమానించవలసింది గాస్కెట్‌నే.

అంకె తక్కువ వచ్చిందని వెంటనే హెడ్ దించవద్దు. ముందు వాల్వులను తెరిచే ట్యాపెట్లు చూడండి. వాల్వు తన సీటులో ఏళ్ల తరబడి కొట్టుకుని కొద్దికొద్దిగా లోపలికి దిగిపోతుంది. దానితో ట్యాపెట్ దగ్గర ఉండవలసిన వెంట్రుకంత సందు మూసుకుపోయి, వేడెక్కినప్పుడు వాల్వు పూర్తిగా మూతపడదు. ట్యాపెట్ చప్పుడు చేస్తే అందరూ కంగారు పడతారు గానీ, నిశ్శబ్దంగా ఉన్న బిగుతు ట్యాపెట్ ఎక్కువ ప్రమాదకరమైనది, ఎందుకంటే అది ఎగ్జాస్ట్ వాల్వును కాల్చేస్తుంది. నా మొదటి కారు విషయంలో నాకు ఈ సంగతి తెలియక, ఒక మెకానిక్ మాట పట్టుకుని రింగులు మార్పించి రెండు నెలల జీతం పోగొట్టుకున్నాను. ఇంజను బిగించాక కూడా కంప్రెషన్ పెరగలేదు. ఆఖరికి వేరొక పెద్దాయన సందులు కొలిచే ఫీలర్ గేజితో అరగంటలో సరిచేశారు. కనుక చల్లటి ఇంజను మీద, మాన్యువల్లో ఇచ్చిన కొలత ప్రకారం ట్యాపెట్లు సెట్ చేయించి, ఆ తరువాత మళ్లీ గేజి పెట్టండి. అదే చేత్తో, వాల్వులను సమయానికి తెరిపించే టైమింగ్ బెల్టును కూడా చూడమనండి. ఒక్క పన్ను జారినా బండి లాగదు; ఎప్పుడు మార్చారో మేనమామ గారికి గుర్తు లేకపోతే మార్పించేయడమే మంచిది.

ఇప్పుడు కోన్ ఫిల్టరు సంగతి. మీది చీమకుర్తి అన్నారు కనుక ఈ విషయంలో కొంచెం గట్టిగానే చెబుతాను. క్వారీ లారీల వెనుక రోజూ ప్రయాణించే కారు పీల్చేది సగం గాలి, సగం రాతి పొడి. బజారులో తక్కువ ధరకు దొరికే కోన్ ఫిల్టర్లు గాలిని ధారాళంగా పోనిస్తాయంటే, పొడిని కూడా అంతే ధారాళంగా పోనిస్తాయని అర్థం. ఆ పొడి సిలిండరు గోడను ఆకురాయిలా గీస్తుంది. పైగా డబ్బా తీసేసి కోన్ పెడితే ఇంజను తన చుట్టూ కాగుతున్న గాలినే పీలుస్తుంది. 40 డిగ్రీల గాలికి బదులు 60 డిగ్రీల గాలి లోపలికి వెళితే దాని సాంద్రత దాదాపు 6 శాతం తగ్గుతుంది, అంటే అంత మేరకు శక్తి తగ్గినట్టే. రోహిణి కార్తెలో ఒంగోలు రోడ్డు మీద ఈ తేడా మీకే తెలుస్తుంది. కంపెనీ డబ్బానే ఉంచి, అందులో కొత్త కాగితపు ఫిల్టరు వేసి, ఫిల్టరుకూ కార్బురేటరుకూ మధ్య ఉండే శుభ్రమైన వైపును నెలకొకసారి తెల్లగుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకు బూడిద రంగు అంటితే, ఫిల్టరు అంచు సరిగా కూర్చోక దొంగదారిన దుమ్ము వెళుతోంది. సైలెన్సరు మార్పు ఇంత చిన్న ఇంజనుకు చప్పుడును తప్ప చెప్పుకోదగిన శక్తిని ఇవ్వదు. పాతది లోపల తుప్పు పట్టి మూసుకుపోయి ఉంటే మాత్రం కంపెనీ రకమే కొత్తది వేయించండి.

రేడియేటరు విషయం మన ప్రాంతంలో ప్రత్యేకం. పొదిలి, కనిగిరి వైపు బోరు నీళ్లు ఎలాంటివో, ఆ నీళ్లు కాచిన గిన్నె అడుగు చూసినవారికి తెలుసు. ఆ తెల్లటి పొరే రేడియేటరు గొట్టాల్లోనూ, ఇంజను లోపల నీరు తిరిగే దారుల్లోనూ పేరుకుంటుంది. అప్పుడు ఇంజను వేడెక్కుతుంది. వెంటనే మెకానిక్, నీరు వేడెక్కేదాకా రేడియేటరు దారి మూసి ఉంచే థర్మోస్టాట్ వాల్వు పీకి అవతల పారేసి, సమస్య తీరిందంటాడు. అది మన ప్రాంతంలో వేళ్లూనుకుపోయిన అలవాటు. థర్మోస్టాట్ లేని ఇంజను చల్లదనం వదిలి పని వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, అంతవరకు పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండరు గోడలు త్వరగా అరుగుతాయి. మీ బండిలో అది ఉందో లేదో ముందు విప్పి చూడండి. ఉంటే దారానికి కట్టి, వంటింట్లో గిన్నెడు నీళ్లలో వేలాడదీసి స్టవ్ వెలిగించండి. నీళ్లు మరిగేలోపు, 80 డిగ్రీలు దాటాక, దాని నోరు నెమ్మదిగా తెరుచుకుని, బయటకు తీసి చల్లారబెట్టగానే మూసుకోవాలి. తరువాత రేడియేటరును వేరే చోట కాక మంచి దుకాణంలోనే శుభ్రం చేయించి, డిస్టిల్డ్ వాటరులో కూలెంట్ కలిపి పోయండి. బోరు నీళ్లు ఇక ఒక్క చెంబు కూడా పోయవద్దు.

పెట్రోలు గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. ఈ ఇంజను రూపొందించినవారి లెక్కలో అది లేదు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో దాదాపు మూడింట రెండు వంతులే కనుక మైలేజీ 6, 7 శాతం తగ్గడం సహజం. కంప్యూటరు ఉన్న బండ్లు ఆ లోటును గమనించి ఇంధనం కాస్త ఎక్కువ పోస్తాయి. కార్బురేటరుకు ఆ తెలివి లేదు. రంధ్రం ఎంతో అంతే పోస్తుంది, గాలి, పెట్రోలు మిశ్రమంలో పెట్రోలు పాలు పలచబడుతుంది, తొక్కినప్పుడు బండి తటపటాయిస్తుంది. పాత రబ్బరు పైపులు, పెట్రోలు పంపు పొర, ఫ్లోట్ సూది మొన ఇథనాల్‌కు ఉబ్బి మెత్తబడతాయి. పైపులన్నింటినీ ఇథనాల్‌కు తట్టుకునే రకంతో మార్పించండి. ఇది శక్తి కోసమే కాదు, వేడి ఇంజను మీద పెట్రోలు కారకుండా ఉండడానికి కూడా. కార్బురేటరును విప్పి శుభ్రం చేయించినప్పుడు, గిన్నెలో మిగిలిన పెట్రోలును గాజు సీసాలోకి వంచి గంటసేపు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొరగా నీళ్లు కనిపిస్తే ట్యాంకును కూడా దించి కడిగించాలి. పరీక్షల నెలల్లో బండిని కదల్చకుండా ఉంచే విద్యార్థులకు ఇది తరచుగా ఎదురవుతుంది. మిశ్రమం స్క్రూను చెవితో కాక కాలుష్య తనిఖీ కేంద్రంలో యంత్రం చూపే కార్బన్ మోనాక్సైడ్ శాతం చూస్తూ తిప్పించుకోండి. సర్టిఫికెట్టు ఎలాగూ కావాలి. ట్యూనింగ్‌కు అంతకంటే చవకైన పరికరం లేదు.

ప్లగ్గులు, ప్లగ్గు వైర్లు, డిస్ట్రిబ్యూటరు మూత మార్చడం మామూలు పనే. అయితే డిస్ట్రిబ్యూటరుకు వచ్చే సన్నని వాక్యూమ్ గొట్టాన్ని నోటితో పీల్చి చూడండి. లోపలి పొర చిరిగి ఉంటే గాలి తేలికగా వచ్చేస్తుంది, అప్పుడు ప్లగ్గు నిప్పురవ్వ పడే టైమింగ్ ఎంత సరిచేసినా మైలేజీ రాదు.

ఇక జెన్ ఇంజను. దానికి 993 సీసీలు, 50 హార్స్ పవర్ ఉన్న మాట నిజమే. కానీ 12,000 రూపాయల్లో దొరికే పాత ఇంజను ఏ స్థితిలో ఉంటుందో ఆలోచించండి. బ్రేకులు మాత్రం 800వే ఉంటాయి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం అనుమతి లేకుండా, ఆర్సీలో ఉన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. మీ బండికి 15 ఏళ్లు ఎప్పుడో దాటాయి కనుక ప్రతి 5 ఏళ్లకూ తనిఖీకి తీసుకువెళ్లక తప్పదు. అక్కడ ఇంజను నంబరు చూస్తారు. ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ కూడా చూస్తుంది.

పైన చెప్పినవాటిలో ట్యాపెట్లు, ఫిల్టరు, ప్లగ్గులు, కూలెంట్, పెట్రోలు పైపులు, కార్బురేటరు శుభ్రత వరకు మీ డబ్బులో సగంలో అయిపోవాలి. మిగతా సగాన్ని టైమింగ్ బెల్టుకు, పట్టేసిన బ్రేకులు ఉంటే వాటికి ఉంచుకోండి. కంప్రెషన్ అంకెలు మూడూ, ఆయిలు పోయకముందు ఎంత, పోశాక ఎంత అన్నది రాసి పంపండి; హెడ్ దించవలసిన అవసరం ఉందో లేదో అప్పుడు చెబుతాను.

ప్రశ్న: మాది 2006 నాటి ఎంపీఎఫ్ఐ (కార్బురేటరు లేని, కంప్యూటరు పెట్రోలు కొలిచి పోసే రకం) మారుతీ 800. ఒక చిన్న చిప్ తగిలిస్తే పికప్ పెరుగుతుందని ఫోనులో ప్రకటన చూశాను. కొనవచ్చునా?
– డిగ్రీ విద్యార్థిని, కావలి

జవాబు: కొనవద్దమ్మా. అలాంటి ప్రకటనల్లో అమ్మే చిప్పులను విప్పి చూస్తే సాధారణంగా లోపల కనిపించేది ఒక రెసిస్టరు మాత్రమే. లోపలికి వచ్చే గాలి ఉన్నదానికంటే చల్లగా ఉందని అది కంప్యూటరుకు అబద్ధం చెబుతుంది. కంప్యూటరు నమ్మి పెట్రోలు ఎక్కువ పోస్తుంది. పికప్ పెరిగినట్టు రెండు రోజులు అనిపిస్తుంది, తరువాత ప్లగ్గులు మసి పడతాయి. ఆ డబ్బుతో ఇంజనులోకి గాలి వెళ్లే థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించి, ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గులు మార్పించండి. ఇంజను లైటు వెలుగుతూ ఉంటే మాత్రం స్కానరు పెట్టించి ఏ సెన్సారు మొర పెట్టుకుంటోందో ముందు వినండి.

ప్రశ్న: పాత కారు. పొద్దున స్టార్టు చేయగానే నీలం పొగ వచ్చి రెండు నిమిషాల్లో ఆగిపోతోంది. మెకానిక్ ఇంజను రీబోర్ చేయాలంటున్నాడు, అంటే సిలిండర్లను తొలిపించాలట.
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: రాత్రంతా నిలిపిన బండి పొద్దున మాత్రమే పొగ వదిలి ఆ తరువాత శుభ్రంగా ఉంటే, ముందుగా అనుమానించవలసినవి వాల్వు సీళ్లు. రబ్బరు గట్టిపడి, పైనున్న ఆయిలు రాత్రి చుక్కచుక్కగా సిలిండరులోకి దిగి పొద్దున కాలుతుంది. రింగులు అరిగితే పొగ రోడ్డు మీద, గట్టిగా తొక్కినప్పుడు కూడా కనిపించాలి. పెన్నా వంతెన మీద మూడో గేరులో తొక్కి, వెనుక వచ్చే స్నేహితుడిని చూడమనండి. అప్పుడు కూడా పొగ కనిపించకపోతే సీళ్లు మార్చితే చాలు. పని తెలిసినవారు చాలా ఇంజన్లలో హెడ్ దించకుండానే ప్లగ్గు రంధ్రం గుండా గాలి పట్టి వాల్వును నిలబెట్టి మారుస్తారు. రీబోర్ మాట ఎత్తే ముందు కంప్రెషన్ గేజి పెట్టి చూపించమని అడగండి.