పొగతాగడం ‘రాశి’ ఎలా అవుతుంది?

సందేహం: మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ. ఊపిరితిత్తుల ఆరోగ్యం మీద పరిశోధన చేస్తున్న మా అమ్మాయికి తెలుగులో ప్రశ్నావళి రాసి పెడుతున్నాను. మరాఠీ మీడియంలో చదివినదాన్ని గనక ‘వేరియబుల్’ను (మనిషిని బట్టి మారే వివరాన్ని) ‘చల’ అని రాశాను. మంచిర్యాలలో ఉండే మా తమ్ముడు ‘చరరాశి’ అనాలంటాడు. ఆడా మగా అన్నదీ, పొగతాగే అలవాటూ ‘రాశి’ ఎలా అవుతాయి? నమూనా ప్రశ్నలు కూడా పంపుతున్నాను.

సమాధానం: ‘చల’ తప్పు కాదు. మరాఠీ పదో తరగతిలో ‘దోన్ చలాంతీల్ రేషీయ సమీకరణే’ అన్న పాఠమే మన పుస్తకంలో ‘రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల జత’. చర్, చల్ రెండూ కదలికను చెప్పే సంస్కృత ధాతువులే. రలయోరభేదః (ర, ల లకు భేదం లేదు) అని పెద్దలు ఊరికే అనలేదు. అయితే తెలుగువారికి ‘చర’ అనగానే పక్కన ‘స్థిర’ గుర్తొస్తుంది: చరాస్తి, స్థిరాస్తి. అందుకని తెలుగు రాతలో ‘చర’కే నా ఓటు.

‘రాశి’ విషయంలో మాత్రం మీ అనుమానమే సరైనది. కళ్లంలో ధాన్యం రాశి పోస్తాం, ఆ తర్వాత కొలుస్తాం. రాశి కన్నా వాసి మిన్న అంటామంటే, కొలతకు అందనిది రాశి కాదనే కదా! వయసు రాశి. బరువు రాశి. గట్టిగా ఊదినప్పుడు మొదటి సెకనులో బయటికొచ్చే గాలి పరిమాణం రాశి. ఇంట్లో ఉన్నది కట్టెల పొయ్యా, గ్యాసు పొయ్యా అన్నది రాశి కాదు. కంప్యూటర్లో ఒకదానికి 1, మరోదానికి 2 అని గుర్తు వేసుకున్నంత మాత్రాన గ్యాసు పొయ్యి కట్టెల పొయ్యికి రెండింతలు కాదు. బడి గణితంలో ‘ఎక్స్’ విలువ ఎప్పుడూ సంఖ్యే గనక పాఠ్యపుస్తకాలకు ఈ ఇబ్బంది రాలేదు. మీరు ‘చరాంశం’ అనండి, అంటే మారే అంశం. సంఖ్యా చరాంశం, గుణ చరాంశం అని దాన్ని విడదీసుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త. 1946లో స్టీవెన్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కొలమానాలను నాలుగు రకాలు చేశాడు. అందులో మొదటిది ‘నామినల్’, అంటే పొయ్యి రకాల్లాగా ఉట్టి పేర్లతో విడదీసేది. దాన్ని ‘నామమాత్ర’ అనకండి. నామమాత్రపు రుసుములాగా అదేదో లెక్కలోకి రానిదనుకుంటారు. ‘నామ చరాంశం’ చాలు. రెండోది ‘క్రమ చరాంశం’. ఆయాసాన్ని 0 నుంచి 4 దాకా మెట్లుగా అడిగే కొలత ఈ కోవలోది. మెట్లయితే ఉన్నాయి గానీ అన్నిటి ఎత్తూ ఒకటేనని చెప్పలేం.

ఇక మీరు అడగని మాట. మీ నమూనాలో ‘మీకు దమ్ము ఉందా?’ అని ఒక ప్రశ్న ఉంది. ముందుగా, ఇది విన్నవాడు మీరు తగువుకు పిలిచారనుకుంటాడు! ‘దమ్’ అంటే పారసీలో ఊపిరి. మరాఠీలో ‘దమ్ లాగతో’ అంటే ఆయాసం వస్తోందని. అదే తెలుగులో ‘దమ్ము లాగుతాడు’ అంటే బీడీ పీలుస్తాడని. ఒకటి ఫలితం, ఒకటి కారణం. లెక్కలో స్వతంత్ర చరాంశం (కారణం) ఒక వైపు, ఆధారిత చరాంశం (ఫలితం) మరో వైపు ఉండాల్సింది పోయి, మీ ఊళ్లో రెండూ ఒకే మాటలో దూరి కూర్చున్నాయి. రెండు భాషలూ మాట్లాడే మనిషి ‘ఉంది’ అంటే ఏ గడిలో టిక్కు పెడతారు? దాని బదులు ‘చదునైన దారిలో మీ ఈడువారితో సమంగా నడవలేక, ఆయాసంతో వెనకబడుతున్నారా?’ అని అడగండి.

‘పొగాకు అలవాటు ఉందా?’ అన్నదీ అంతే. మీ వైపు ఖర్రా (పొగాకు, వక్క, సున్నం కలిపిన మిశ్రమం) నమిలేవారు కూడా అవుననే అంటారు. పొగాకు పేరులో పొగ ఉంది, ఖర్రాలో లేదు. ‘స్మోక్‌లెస్ టొబాకో’ను ‘పొగలేని పొగాకు’ అని రాయడం ఒకచోట చూసి నవ్వుకున్నాను. నమిలేదాని గురించే అయితే ‘నమిలే పొగాకు’ అంటే తీరిపోయేది. బీడీ, చుట్ట, సిగరెట్టు తాగడం ఒక ప్రశ్న: రోజుకెన్ని, ఎన్నేళ్లుగా, మానేస్తే ఎప్పుడు. నమలడం వేరే ప్రశ్న. పొయ్యి పొగ ఇంకో ప్రశ్న, ఎందుకంటే జన్మలో బీడీ ముట్టని ఇల్లాలు ‘పొగ తాగుతారా’ అంటే లేదంటుంది, రోజూ పూటపూటా ఆ పొగే పీలుస్తూ ఉంటుంది. అక్కడ ‘తాగడం’ కాదు, ‘పీల్చడం’ అని రాయండి. ఖర్రాకు మాత్రం తెలుగు మాట వెతక్కండి, ఖర్రా అనే ఉంచండి.